అంగారకుడి మీద ఉర్లగడ్డలు పండించినాయన కథ మన పిల్లలకి చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లో చిన్న జిరాక్స్ షాపు పెట్టుకుని బతుకుతున్నాను, డీటీపీ కూడా చేస్తాను, షాపు పెట్టి మొన్న జూన్‌కి 19 ఏళ్లు నిండాయి. పొద్దున ఎనిమిదికి షట్టర్ ఎత్తితే రాత్రి పదిదాకా అంతా స్టూడెంట్సే. హాల్ టికెట్లు, అప్లికేషన్లు, బయోడేటాలు, స్కాలర్‌షిప్ కాగితాలు, పాత క్వశ్చన్ పేపర్లు. ఎవరు పాసయ్యారో ఎవరు తప్పారో వాళ్ల ఇంట్లోవాళ్ల కంటే ముందు నాకే తెలిసిపోతుంది, ఎందుకంటే మార్కుల మెమో నెట్‌లోంచి తీసి ప్రింట్ కొట్టేది నేనే, ఆ కాగితం వేడివేడిగా మెషిన్లోంచి బయటికి వస్తుంటే ఎదురుగా నిలబడినవాళ్ల మొహం చూడాల్సి వచ్చేదీ నేనే. మీ పేపర్ రోజూ షాపుకి తెప్పిస్తాను కానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పొడుగైపోతే మీరే కత్తిరించుకోండి, చివర్లో ఒక మనవి ఉంది, అది మాత్రం తీసేయొద్దు.

విషయం ఒక సినిమా హీరో గురించి. 'ద మార్షియన్' అని 2015లో వచ్చిన ఇంగ్లీష్ సినిమా, ఆండీ వియర్ అనే ఆయన రాసిన సైన్స్ ఫిక్షన్ నవలని తీసుకుని తీశారు. అందులో మార్క్ వాట్నీ అనే ఆయన అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోతాడు. అంత పాత సినిమా గురించి ఇప్పుడెందుకంటే నేను చూసింది పోయిన సంవత్సరమే, అదీ మా అమ్మాయి వల్ల.

మా అమ్మాయి నీట్ రెండుసార్లు రాసింది, రెండోసారి కూడా సీటు రాలేదు. బైపీసీ చదివి మెడిసిన్ రాక బీఎస్సీ బోటనీలో చేరింది అంటే మనవైపు చుట్టాలంతా "పోనీలేమ్మా" అంటారు. ఆ పోనీలే అనేది బిడ్డకి ఎక్కడ గుచ్చుకుంటుందో అనేవాళ్లకి తెలియదు. రిజల్ట్స్ వచ్చినాక దాదాపు ఇరవై రోజులు తను మాతో సరిగ్గా మాట్లాడలేదు, అడిగినదానికి ఊ అనడం, తలుపేసుకోవడం, అంతే. వాళ్లమ్మ తలుపు బయట కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది, బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరుతూ ఉండేది, లోపల చప్పుడు వినబడాలని. ఒకరోజు రాత్రి నేను షాపు మూసి ఇంటికొచ్చి సంగటి తింటుంటే తనే లాప్‌టాప్ తెచ్చి నా పక్కన పెట్టి "నాన్నా, ఇందులో హీరో బోటనీ. చూస్తావా?" అంది. ఇరవై రోజుల్లో తనంతట తను మాట్లాడిన మొదటి మాట అది, ఇంక నాకు నిద్రొస్తే ఏం, పొద్దున్నే షాపుంటే ఏం, చెయ్యి కడుక్కుని కూర్చున్నాను.

కథ చూడనివాళ్ల కోసం చెప్తాను. ఆరుగురు వ్యోమగాములు అంగారకుడి మీద దిగుతారు, 31 రోజుల పని. పని మధ్యలోనే పెద్ద దుమ్ము తుఫాను వస్తుంది, అర్జెంటుగా రాకెట్ ఎక్కి వెళ్లిపోవాల్సొస్తుంది. ఆ గందరగోళంలో యాంటెనా ఒకటి విరిగొచ్చి మార్క్‌కి గుచ్చుకుంటుంది, ఒంటి మీద గుండె గిండె చూపించే పరికరం పాడైపోతుంది, చనిపోయాడనుకుని మిగతా ఐదుగురు కన్నీళ్లతో వెళ్లిపోతారు. ఆయన లేచి చూసుకుంటే అంత పెద్ద గ్రహం మీద మనిషనేవాడు తనొక్కడే. కడుపులో గుచ్చుకున్న ముక్క తనే పీక్కుని తనే కుట్టుకుంటాడు. ఇంటికి మాట చేరవేసే దారి లేదు. మళ్లీ మనుషులు వచ్చేది నాలుగేళ్లకి, అది కూడా 3,200 కిలోమీటర్ల అవతల వేరే చోటికి.

ఇక్కడ మన సినిమా అయితే పాట పెట్టేవాళ్లు, లేదా ఆకాశం వైపు చూసి ఒక డైలాగ్ చెప్పించేవాళ్లు. ఈయన ఏం చేస్తాడంటే కూర్చుని తిండి ప్యాకెట్లు లెక్కపెడతాడు. ఆరుగురికి తెచ్చింది తనొక్కడికైతే 300 రోజులు, పొదుపుగా తింటే 400 రోజులు. నాలుగేళ్లకి ఎంత తక్కువ పడుతుందో రాసుకుంటాడు. అది చూసేసరికి నాకు మా నాయన కళ్ల ముందుకొచ్చాడండి, ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను అనుకోండి.

మాది వి.కోట దగ్గర పల్లె. ఇటు కర్ణాటక, అటు తమిళనాడు రెండూ దగ్గరే. టమాటా, ఉర్లగడ్డ మా పంటలు. పుస్తకంలో బంగాళాదుంప అని చదివి చిన్నప్పుడు మా నాయనకి చెప్తే "అదేం పేరురా, బంగారం ధర ఎప్పుడన్నా పలికిందా దానికి" అన్నాడు. 2002 కరువులో మాకున్న రెండు బోర్లూ ఎండిపోయాయి. అప్పు చేసి మూడో బోరు వేయించాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగి నీళ్లు చూసే ఆయన్ని పిలిపించాడు, టెంకాయ నిలబడిన చోటే లారీ పెట్టించాడు. 600 అడుగులు దిగినా తెల్లటి రాతిపిండి తప్ప ఏమీ రాలేదు. బోరు లారీ దగ్గర నిలబడినవాళ్లంతా ఆ దుమ్ము రంగు మారుతుందేమో, కాస్త తడి తగులుతుందేమో అని చూస్తుంటారు, మా అమ్మ ఆ పిండిని గుప్పిట్లోకి తీసుకుని పిసికి పిసికి చూసింది, ముద్ద కాలేదు. సాయంత్రానికి లారీ వెళ్లిపోయింది. మా నాయన తల మీద, మీసాల మీద ఆ తెల్ల పిండే.

ఆ రాత్రి ఆయన ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు, టెంకాయ ఆయన్ని కూడా ఏమీ అనలేదు. మా చెల్లెలి లెక్కల నోటు బుక్కు తీసుకుని చివరి పేజీలో పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టాడు, ఆయన చదివింది మూడో తరగతే, అక్షరాలు పెద్దపెద్దగా వంకర్లు తిరిగి ఉండేవి. ఆవులు మూడు, దూడ ఒకటి. రాగులు నాలుగు మూటలు. చింతపండు ఇంత, చెనిక్కాయలు ఇన్ని, అమ్మ చెవుల్లో కమ్మలు. ఇంకో పక్క అప్పు, వడ్డీ. నేను డిగ్రీ అయిపోయి ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాను అప్పుడు, నా పేరు కూడా ఉన్నవాటి వైపు రాశాడు, అప్పుల వైపు రాస్తాడనుకున్నాను నేను. అంతా రాసి "పాలుండాయి కదరా, రేప్పొద్దున్నుంచి ఇంట్లోకి ఒక గ్లాసు పెట్టుకుని మిగతాదంతా డైరీకి పోద్దాం, వారానికి ఇంతొస్తాది, శుక్రవారం దాకా గడుస్తాది, శుక్రవారం మళ్లీ చూద్దాం" అని దీపం తగ్గించి పడుకున్నాడు. ఆ శుక్రవారం, దాని తర్వాత శుక్రవారం, అట్లా రెండేళ్లు గడిచాయి. ఆ పేజీ చించి నా దగ్గర పెట్టుకున్నాను, షాపులో లామినేషన్ మెషిన్ కొన్న రోజు మొదట లామినేట్ చేసింది దాన్నే.

మళ్లీ సినిమా. ప్యాకెట్లు లెక్కపెడుతుంటే మార్క్‌కి ఉర్లగడ్డలు కనబడతాయి, పండగ రోజు వండుకుందామని తెచ్చుకున్నవి, పొడి చేసినవి కావు, పచ్చి గడ్డలు. ఆయన బోటనీ కాబట్టి వాటిని తినకుండా ముక్కలు కోసి నాటతాడు. అంగారకుడి మట్టిలో జీవం లేదు, సూక్ష్మజీవి లేదు, ఎరువు లేదు, అందుకని అక్కడ నిల్వ ఉన్న తమ మలాన్నే నీళ్లు కలిపి ఎరువుగా వేస్తాడు. ఆ సీన్‌లో కత్తి పట్టుకుని గడ్డ కోస్తుంటే నేను ఆపుకోలేక "కన్ను చూసి కోస్తున్నాడు చూడమ్మా" అన్నాను. మా అమ్మాయి సినిమా ఆపి "కన్నేంటి నాన్నా?" అంది. బోటనీలో చేరిన పిల్లకి నేను చెప్పడం ఏంటి అనుకున్నా కానీ చెప్పాను. గడ్డ మీద గుంటలు ఉంటాయి కదా, ఆ గుంటలోనే మొలక, ప్రతి ముక్కకీ ఒకటో రెండో కళ్లు ఉండాలి, లేకపోతే ఆ ముక్క మట్టిలో కుళ్లిపోవడమే. కోసిన వైపు బూడిద అద్దాలి, ఒకరోజు నీడన ఆరబెట్టాలి. మొక్క జానెడు లేచినాక మట్టి ఎగదోయాలి, గడ్డకి ఎండ తగిలితే పచ్చబడిపోతుంది, పచ్చది తినకూడదు. విత్తనం గడ్డ జలంధర్ నుంచి లారీల్లో వస్తుందని నాయన చెప్పేవాడు, కుఫ్రి జ్యోతి అనే రకం ఆయనకి బాగా ఇష్టం. ఇట్లా పావుగంట మాట్లాడాను. స్క్రీన్ మీద ఆ మనిషి కత్తి పట్టుకుని అట్లాగే ఆగిపోయి ఉన్నాడు, మా అమ్మాయి నా మొహం చూస్తా వింటోంది, వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి గడప దగ్గర నిలబడింది.

అయితే ఈ కథలో నాకు బాగా నచ్చింది ఆయన తప్పులు చేయడం. పంటకి నీళ్లు కావాలి, నీళ్లు లేవు, రాకెట్ ఇంధనం హైడ్రజీన్ మిగిలి ఉంది. దాన్ని ఇరిడియం అనే లోహం మీద పోస్తే నైట్రోజన్, హైడ్రోజన్‌గా విడిపోతుంది, ఆ హైడ్రోజన్‌ని మండిస్తే నీళ్లు. ఇంటర్ కెమిస్ట్రీయే కదా. అన్నీ లెక్క కట్టి మొదలుపెడితే ఢాం అని పేలి ఆయన అంత దూరం ఎగిరి పడతాడు. ఎందుకంటే తను ఊపిరి వదిలినప్పుడు గాల్లోకి పోయే ఆక్సిజన్‌ని లెక్కలో మర్చిపోయాడు. తన ఊపిరినే తను మర్చిపోయాడు! చెవుల్లో హోరు తగ్గకముందే ఎక్కడ తప్పిందో పట్టుకుని రాసుకుని మళ్లీ చేస్తాడు, ఈసారి నీళ్లొస్తాయి. ఆ మర్నాడు మా అమ్మాయి తన పాత నీట్ పేపర్ తీసి ముందేసుకుని కూర్చుంది, తెలియనివి గుడ్డిగా పెట్టేసి ఒక్కో తప్పుకీ ఒక్కో మార్కు పోగొట్టుకున్నవి ఎన్నో లెక్కపెట్టింది. డాక్టర్ అవ్వాలని కాదు, ఎక్కడ పోయిందో తెలుసుకోవాలని. తెలుసుకున్నాక ఆ పేపర్ మడిచి బీరువాలో పెట్టేసింది, అంతటితో దాని సంగతి ముగిసింది మా ఇంట్లో.

ఇంకో విషయం, ఇది హాస్టల్ పిల్లల కోసం ముఖ్యంగా రాస్తున్నాను. మార్క్‌కి తిండీ నీళ్లూ కుదిరినాక వెంటనే చేసే పని, నేను బతికే ఉన్నాను అని ఇంటికి చెప్పడానికి దారి వెతకడం. అక్కడ ఎప్పుడో దిగి మూగబోయిన పాత్‌ఫైండర్ అనే నౌక ఉంటుంది. ఇది కల్పన కాదు, నిజంగానే అమెరికా వాళ్లు పంపించిన ఆ నౌక 1997 జూలై 4న అంగారకుడి మీద దిగింది, మూడు నెలలు కూడా కాకముందే సెప్టెంబర్ 27న దాని నుంచి చివరి మాట అందింది. కథలో ఈయన అంత దూరం బండేసుకుని పోయి ఇసుకలో కూరుకుపోయినదాన్ని తవ్వి తెచ్చి కరెంట్ ఇచ్చి లేపుతాడు. అందులో ఉన్నది ఒక్క కెమెరా. ఒక అట్ట మీద నా మాట అందుతోందా అని రాసి, అటు అవును, ఇటు కాదు అని అట్టలు పెడతాడు. కెమెరా అవును వైపు తిరగడం కోసం ఆయన ఎదురుచూసే సీన్ మీరు చూడాలి. భూమికీ అంగారకుడికీ మధ్య మాట ఒక వైపు పోవడానికే దగ్గరగా ఉంటే మూడు నిమిషాలు, దూరంగా ఉంటే ఇరవై రెండు నిమిషాలు పడుతుంది.

నేను ఈ సినిమా చూసిన రెండు వారాలకి ఒక అబ్బాయి షాపుకొచ్చాడు. పుంగనూరు వైపు అబ్బాయి, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు, నాకు ఏడాదిగా తెలుసు, మెటీరియల్ జిరాక్స్‌లన్నీ నా దగ్గరే తీసేవాడు. ఆ రోజు మాత్రం బయోడేటా టైప్ చేయమన్నాడు, ఏదో హోటల్లో రిసెప్షన్ పనికి. మనిషి సగమయ్యాడు. ఫోన్ నంబర్ చెప్పమంటే కొత్త నంబర్ చెప్పాడు. పాతది ఏమైందప్పా అంటే తలొంచుకుని "సిమ్ తీసేసినానన్నా" అన్నాడు. ప్రిలిమ్స్ పోయినప్పటి నుంచి మూడు నెలలుగా ఇంటికి ఫోన్ చేయలేదట. "ఏం చెప్పాలన్నా ఫోన్ చేసి? మా నాయన చెనిక్కాయలు అమ్మి ఫీజు కట్టినాడు." నాకు ఆ అట్టముక్కలు గుర్తొచ్చాయి. అప్పుడు నాకు తోచింది ఒకటే, రిజల్ట్ గురించి చెప్పొద్దు, ఫీజు గురించి చెప్పొద్దు, నేనున్నాను అని ఒక్క మాట చెప్పు చాలు అని నా ఫోన్ చేతిలో పెట్టాను. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల క్యూలో ఉన్న పిల్లలు అర్థం చేసుకుని పక్కకి జరిగారు. చివరికి నొక్కాడు. "మా, నేను" అన్నాడు, అంతే, ఇంక మాట రాలేదు. అటువైపు నుంచి వాళ్లమ్మ గొంతు నాక్కూడా వినబడింది, ఎక్కడున్నావని అడగలేదు, ఎందుకు చేయలేదని అడగలేదు, "తిన్నావా?" అంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకే వాళ్ల నాయన దిగాడు, పంచె, భుజాన టవల్, చేతిలో ఒక సంచి. సంచిలో ఉడకబెట్టిన చెనిక్కాయలు నాక్కూడా ఒక కవర్ కట్టించి ఇచ్చాడు. సినిమాలో కూడా ఇట్లాగే ఉంటుందండి. మార్క్ బతికే ఉన్నాడని తెలిసినాక ఇంటికి తిరిగొస్తున్న ఆ ఐదుగురు, పైవాళ్లు వద్దన్నా సరే, 500 రోజులకి పైగా ప్రయాణం పెరుగుతుందని తెలిసి కూడా నౌక వెనక్కి తిప్పుతారు. తిప్పడానికి ఆ ఐదుగురూ ఎప్పుడూ సిద్ధమే, కాకపోతే ఆయన బతికున్న సంగతి వాళ్లకి చేరాలి కదా.

పంట కథ మాత్రం అంత సుఖంగా సాగదు. ఒకరోజు గదికి తలుపులాంటి భాగం పేలిపోయి లోపలి గాలంతా బయటికి పోతుంది, ఒక్క నిమిషంలో ఉర్లగడ్డ మొక్కలన్నీ గడ్డకట్టి చచ్చిపోతాయి. ప్లాస్టిక్ పట్ట వేసి టేప్ అంటించి చిల్లు మూస్తాడు, మిగిలిన గడ్డలు మళ్లీ లెక్కపెడతాడు, బయట గాలికి ఆ పట్ట టపటపా కొట్టుకుంటుంటే ఆయన మొహంలో భయం. భయం ఉన్నా లెక్క ఆపడు. భూమి మీద వాళ్లు తొందర తొందరగా తిండి పంపాలని తనిఖీలు మానేసి రాకెట్ వదిలితే అది కూడా పోతుంది. ఇట్లా ఏడాదిన్నరకి పైగా నెట్టుకొస్తాడు. చివరికి ఎట్లా బయటపడతాడో చూడనివాళ్లు చూసుకోండి, అది నేను చెప్పకూడదు.

ఇందులో సైన్స్ అంతా నిజమేనా అని మా షాపుకొచ్చే ఫిజిక్స్ లెక్చరర్ గారిని అడిగాను. ఆ మొదటి తుఫానే తప్పు అన్నారు ఆయన. అంగారకుడి మీద గాలి మన గాలిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు, అంత పల్చటి గాలి రాకెట్‌ని ఒరగదొయ్యలేదు. ఆ సంగతి రచయిత కూడా ఒప్పుకున్నాడు. ఇంకోటి, 2008లో ఫీనిక్స్ అనే నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాలు కనిపెట్టింది, అవి మనిషికి విషం, మట్టి కడక్కుండా పండిస్తే తినడానికి లేదు. ఉర్లగడ్డ పుట్టిన పెరూ దేశంలోనే, లీమాలో, అంతర్జాతీయ ఉర్లగడ్డ కేంద్రం ఒకటి ఉంది, వాళ్లు నిజంగానే ఎడారి నుంచి అంగారకుడి మట్టిలాంటి ఉప్పుమట్టి తెచ్చి ప్రయోగం చేశారు, మొలిచింది అని 2017లో చెప్పారు. ఈ రచయిత మొదట కంప్యూటర్ ప్రోగ్రామర్, కథని ఒక్కో భాగం రాసి నెట్‌లో ఫ్రీగా పెడుతుంటే చదివినవాళ్లు ఇది తప్పు, ఆ కెమిస్ట్రీ ఇట్లా కాదు అని రాసేవాళ్లట, ఆయన దిద్దుకుంటూ పోయాడట. రోజంతా జనం తెచ్చిన కాగితాల్లో తప్పులు దిద్దే పని నాది, ఒప్పుకుని దిద్దుకునేవాళ్లు ఎంత తక్కువో నాకు తెలుసు, ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఇప్పుడు నా మనవి.

కల్పిత హీరో ఎందుకు, మన ఇంటి పక్కనే నిజమైనది ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచే 2013 నవంబర్ 5న మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకి మంగళయాన్ బయల్దేరింది, షాపు పక్క టీ కొట్టు టీవీలో మేమంతా నిలబడి చూశాం. 450 కోట్లలో చేశారనీ, మొదటి ప్రయత్నంలోనే అంగారకుణ్ణి చేరామనీ అందరికీ తెలుసు. మధ్యలో జరిగింది ఒకటి ఎవరూ చెప్పరు. చిన్న రాకెట్ కాబట్టి నౌకని నేరుగా పంపలేక భూమి చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెం కక్ష్య పెంచుతూ పోయారు. నవంబర్ 11న నాలుగోసారి పెంచేటప్పుడు ఇంజిన్‌కి కావలసినంత ఊపు అందలేదు. లక్ష కిలోమీటర్ల ఎత్తుకి చేరాల్సింది 78,276 దగ్గరే ఆగిపోయింది. మన భాషలో చెప్పాలంటే తప్పింది. ఆ రాత్రి వాళ్లు ఎక్కడ తగ్గిందో చూసుకుని, మర్నాడు తెల్లవారుజామున 5 గంటలప్పుడు మళ్లీ ఇంజిన్ వెలిగించారు, 1,18,642 కిలోమీటర్లకి చేరింది. ఆ రెండో ప్రయత్నానికి ఇస్రో వాళ్లు పెట్టిన పేరేంటో తెలుసా అండీ? సప్లిమెంటరీ. నేను కల్పించింది కాదు, వాళ్లు వాడిన మాటే అది. సప్లిమెంటరీ రాసిన ఆ నౌక 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలోకి వెళ్లింది, ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నది 2022 దాకా పనిచేసింది.

మార్చిలో మళ్లీ ఇంటర్ పరీక్షలు, ఆ తర్వాత రిజల్ట్స్. రిజల్ట్స్ మర్నాడు పేపర్ తెరవాలంటే నాకు చెయ్యి వణుకుతుంది. ఫస్ట్ పేజీ నిండా కాలేజీల ర్యాంకుల ప్రకటనలు, ఫోటోలు, వాటిని వద్దనను, కష్టపడిన పిల్లలే వాళ్లూ. లోపలెక్కడో మూలన రెండు లైన్ల వార్త ఉంటుంది, ఏదో ఊళ్లో ఎవరో బిడ్డ. ఆ బిడ్డ మెమో కూడా ఏదో ఒక జిరాక్స్ షాపులోనే ప్రింట్ అయి ఉంటుంది. అందుకని అడుగుతున్నాను, ఆ ర్యాంకుల పక్కనే, అదే పేజీలో, ఒక చిన్న బాక్స్ కట్టి సప్లిమెంటరీ ఫీజుకి ఆఖరు తేదీ ఎప్పుడు, రీకౌంటింగ్‌కి ఎట్లా అప్లై చేయాలి, మనసు బాగాలేకపోతే 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు ఫ్రీగా మాట్లాడతారు అని వేయండి. చోటుంటే మంగళయాన్ సప్లిమెంటరీ సంగతి కూడా రెండు ముక్కలు వేయండి. ఆ బాక్స్‌ని నేను నా ఖర్చుతో ఎన్ని కాపీలైనా జిరాక్స్ తీసి ఈ చుట్టుపక్కల ప్రతి హాస్టల్ గోడకీ అంటిస్తాను. మెమో తీసుకునే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆ కాగితం జతచేసి ఇస్తాను, దానికి డబ్బులు తీసుకోను. హాస్టల్ వార్డెన్లకి కూడా ఒక మాట, రిజల్ట్స్ రోజు రాత్రి ఫోన్లు తీసి లాకర్లో పెట్టకండి, పిల్లల్ని ఇంటికి మాట్లాడనివ్వండి.

మా అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరం. చలి మొదలైంది కదా అని పోయిన నెల మిద్దె మీద పాత పెయింట్ డబ్బాల్లో నాలుగు ఉర్లగడ్డ ముక్కలు నాటింది, కన్ను చూసి తనే కోసింది. వాళ్ల తాతకి వీడియో కాల్ చేసి చూపిస్తే ఆయన "మట్టి వదులుగా ఉండాల తల్లీ, అంత తొక్కితే గడ్డ యాడ ఊరతాది" అని అక్కడి నుంచే కేకలేశాడు. మూడు మొలిచాయి. నాలుగోది రాకపోతే నిన్న తవ్వి చూసింది, కుళ్లిపోయింది, కోసిన వైపు బూడిద సరిగ్గా అంటలేదంట. ఇంకో ముక్క కోసి ఆరబెట్టింది. బూడిద కోసం షాపు పక్కన ఇస్త్రీ బండి ఆయన్ని అడిగి ఉంచాను, ఈ ఉత్తరం పోస్ట్ చేసి వస్తా ఒక కవర్లో పట్టుకుపోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
జిరాక్స్ షాపు, తిరుపతి.